'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకండి: సోషల్ వర్క్‌లో గోప్యత, దాని హద్దులు

(ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లబోతున్న ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్ పీజీ, విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, విభాగం అధ్యాపకులకు, త్వరలో ఫీల్డ్‌వర్క్‌కు బయలుదేరుతున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

నాకు ఇచ్చిన అంశం 'సోషల్ వర్క్‌లో వృత్తి నైతికత, మౌలిక విలువల ఆచరణ'. విలువల పేర్లు మీకు ఈపాటికి కంఠతా వచ్చే ఉంటాయి. అమెరికా జాతీయ సోషల్ వర్కర్ల సంఘం 1960లో తన తొలి నైతిక నియమావళిని ఆమోదించింది. 1996లో దాన్ని తిరగరాసినప్పుడు సేవ, సామాజిక న్యాయం, మనిషి గౌరవం, మానవ సంబంధాల ప్రాముఖ్యం, నిజాయితీ, వృత్తి సామర్థ్యం అనే ఆరు మౌలిక విలువలను పీఠికలోనే నిలిపింది. మన దేశంలో 1997లో సోషల్ వర్క్ అధ్యాపకుల వేదిక ఒకటి ముంబయిలో నైతిక ప్రకటనను రూపొందించి, అణగారిన ప్రజల పక్షాన నిలబడటాన్ని ముఖ్య బాధ్యతగా చెప్పింది. ఇవన్నీ పరీక్షలో రాస్తే మార్కులు వస్తాయి. అయితే ఆసుపత్రిలో చిన్న కౌన్సెలింగ్ గదిలో ఒక మనిషి మీ ఎదురుగా కూర్చుని, తలుపు వేసి ఉందో లేదో ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుని మాట్లాడటం మొదలుపెట్టినప్పుడు ఈ ఆరు విలువలూ ఒకదాని వెంట ఒకటి వరుసగా రావు. అన్నీ ఒకేసారి వస్తాయి, వచ్చి తమలో తాము తగవు పడతాయి. అందువల్ల ఈరోజు ఆరింటి గురించీ తలా కాస్త చెప్పకుండా, ఆ తగవు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే గోప్యత అనే ఒక్క చోటే ఉండి మాట్లాడతాను.

దానికి ముందు మన వృత్తి స్థితి గురించి ఒక మాట. తెలుగు నేలకు సంఘసేవ కొత్త కాదు. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగం గారి నుంచి, 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, 1953లో ఏర్పడిన కేంద్ర సంఘ సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలైన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి వరకు మనకు గొప్ప వారసత్వం ఉంది. వారిని నడిపింది వారి అంతరాత్మ. ఆ అంతరాత్మకు సాక్షిగా వారి బహిరంగ జీవితం ఉండేది. జీతం తీసుకుని, కేసు ఫైలు రాసి, ఇతరుల రహస్యాలను ఉద్యోగ విధిగా వినే మనకు అంతరాత్మ ఒక్కటే చాలదు. న్యాయవాది తప్పు చేస్తే బార్ కౌన్సిల్ ఉంది, వైద్యుడు తప్పు చేస్తే వైద్య మండలి ఉంది. సోషల్ వర్కర్లందరినీ నమోదు చేసి, తప్పు చేసినవారి నమోదును రద్దు చేయగల అలాంటి చట్టబద్ధ మండలి మన దేశంలో లేదు. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ చట్టం వైద్య, మానసిక వైద్య రంగాల సోషల్ వర్కర్లను తన పరిధిలోకి తీసుకున్నదే కాని, పల్లెల్లో, వసతి గృహాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే అధిక సంఖ్యాకులు ఇప్పటికీ దానికి బయటే ఉన్నారు. అంటే మీరు ఒకరి నమ్మకాన్ని వమ్ము చేస్తే, ఆ మనిషి ఫిర్యాదు చేయడానికి వెళ్లే గడప కూడా చాలా సందర్భాల్లో ఉండదు. అడిగేవారు లేని చోట నియమం మరింత కచ్చితంగా ఉండాలని నేను అనుకుంటాను.

ఇక అసలు విషయానికి వస్తాను. కౌన్సెలింగ్‌లో మనం అలవోకగా అనే మాట ఒకటి ఉంది: "మీరేమీ భయపడకండి, ఇది ఎవరికీ చెప్పను." ఎదుటివారికి ధైర్యం ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతోనే అంటాం. ఈ మాట అనకండి. చట్టరీత్యానూ వృత్తిరీత్యానూ నిలబెట్టుకోలేని సందర్భాలు ఉన్న మాట ఇది. అలాంటి మాట ఇచ్చిన క్షణంలోనే మీ నిజాయితీ దెబ్బతింటుంది. అది బయటపడేది మాత్రం ఆ తరువాత ఎప్పుడో, ఎదుటి మనిషి అత్యంత బలహీనంగా ఉన్న రోజున.

హెచ్‌ఐవీ కౌన్సెలింగ్‌ను తీసుకుందాం. భారతదేశంలో ఈ వ్యాధి భారాన్ని ఎక్కువగా మోసిన ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు ఉన్నాయి కాబట్టి మీలో కొందరైనా హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ జరిగే ఐసీటీసీలోనో, హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలోనో ఫీల్డ్‌వర్క్ చేస్తారు. సొంత జిల్లాలో కేంద్రం ఉన్నా, తెలిసినవారు చూస్తారేమోనని పక్క జిల్లాకు బస్సెక్కి వెళ్లి మందులు తెచ్చుకునేవారిని అక్కడ మీరు చూస్తారు. అలాంటి మనిషి ఒకాయన మీ ముందు కూర్చుని, "మేడమ్, నా భార్యకు తెలియకూడదు" అన్నాడనుకోండి. ఆయన గౌరవం, ఆయన స్వయం నిర్ణయాధికారం ఒక వైపు. గది బయట బెంచీ మీద కూర్చున్న, లేదా ఇంట్లో ఏమీ తెలియకుండా ఉన్న ఆమె ప్రాణం, ఆరోగ్యం మరొక వైపు. ఈ సందిగ్ధానికి మన న్యాయవ్యవస్థలో పెద్ద చరిత్రే ఉంది. 1998లో 'మిస్టర్ ఎక్స్' కేసులో, ఒక వ్యక్తికి హెచ్‌ఐవీ ఉన్న సంగతిని ఆసుపత్రి బయటపెట్టినందువల్ల ఆయన పెళ్లి ఆగిపోయినప్పుడు, పెళ్లి చేసుకోబోయే స్త్రీకి ఆరోగ్యంగా జీవించే హక్కు ఉంది కాబట్టి ఆసుపత్రిది తప్పు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో హెచ్‌ఐవీ ఉన్నవారి వివాహ హక్కు గురించి చేసిన వ్యాఖ్యలు ఎంతో ఆందోళన కలిగించాయి; 2002లో అదే కోర్టు ఆ వ్యాఖ్యలు ఆ కేసుకు అవసరం లేనివని పక్కన పెట్టింది.

ఈరోజు మీకు దారి చూపేది 2017లో పార్లమెంటు ఆమోదించి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం. దాని 9వ సెక్షన్‌ను ప్రతి ఒక్కరూ స్వయంగా చదవాలని కోరుతున్నాను, ఎందుకంటే నైతిక ఆలోచన ఏ క్రమంలో సాగాలో అంత స్పష్టంగా చూపే చట్ట పాఠాలు తక్కువ. వైద్యుడు లేదా కౌన్సెలర్ తప్ప ఆరోగ్య సిబ్బందిలో మరెవరూ ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి జీవిత భాగస్వామికి చెప్పకూడదు. చెప్పగలిగినవారు కూడా వెంటనే చెప్పకూడదు. భాగస్వామికి చెప్పుకోవలసిందిగా ముందు ఆ వ్యక్తికే కౌన్సెలింగ్ ఇవ్వాలి. భాగస్వామికి గణనీయమైన ప్రమాదం ఉందని, ఈయన చెప్పబోవడం లేదని సహేతుకంగా నమ్మకం కలగాలి. ఆ తరువాత కూడా, "నేను చెప్పదలచుకున్నాను" అని మొదట ఆయనకే తెలియజేయాలి. చివరగా భాగస్వామికి స్వయంగా, ముఖాముఖి, కౌన్సెలింగ్ ఇచ్చిన తరువాత చెప్పాలి. ఫోన్‌లో కాదు, ఇంకొకరి ద్వారా కాదు. ఇందులో ఏ ఒక్క మెట్టూ ఆయన వెనుక నుంచి జరగదన్నది గమనించండి.

అదే సెక్షన్‌లో ఉన్న మరొక నిబంధన నాకు ఇంకా ముఖ్యం. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి స్త్రీ అయి, ఆమె స్థితి భర్తకో భాగస్వామికో తెలిస్తే ఆమె మీద హింస జరుగుతుందని, ఆమెను వదిలేస్తారని, ఆమెకో ఆమె పిల్లలకో తీవ్రమైన హాని కలుగుతుందని సహేతుకమైన భయం ఉన్నప్పుడు చెప్పనే కూడదు. పురుషుడికీ స్త్రీకీ ఒకే నియమం పెట్టకపోవడం అన్యాయం కదా అని శిక్షణ తరగతుల్లో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. గర్భిణీ పరీక్షల్లో భర్త కంటే ముందు భార్యకే వ్యాధి బయటపడి, 'నువ్వే తెచ్చావు' అని ఆమెను పుట్టింటికి పంపేసిన ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని ఉన్నాయో తెలిసినవారు ఆ ప్రశ్న అడగరు. సామాజిక న్యాయం అనే విలువకు ఆచరణలో రూపం ఇదే: ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నా ఇద్దరికీ ఉన్న బలం ఒకటి కాదని గుర్తించడం.

వృత్తి సామర్థ్యం ఇక్కడ ఎలా ప్రవేశిస్తుందో కూడా చూడండి. క్రమం తప్పకుండా ఏఆర్‌టీ మందులు వాడి, రక్తంలో వైరస్ గుర్తించలేనంత తక్కువ స్థాయికి చేరి, అలాగే కొనసాగుతున్న వ్యక్తి నుంచి లైంగికంగా వైరస్ సోకదని వైద్యశాస్త్రం నిర్ధారించింది. ఈ సంగతి తెలియని కౌన్సెలర్ 'గణనీయమైన ప్రమాదం' ఎంతో లెక్క వేయలేడు. లేని ప్రమాదాన్ని ఊహించుకుని ఒక కాపురాన్ని కూల్చగలడు. కాబట్టి పాత నోట్సుతో నెట్టుకొచ్చే కౌన్సెలర్ మంచి మనసు ఉన్నవాడే అయినా నైతికంగా పనిచేస్తున్నాడని నేను ఒప్పుకోను.

ఇంతకంటే కష్టమైన ప్రాంతం పిల్లలది. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చిన పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారందరూ పిల్లలే. 19వ సెక్షన్ ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, జరగబోతోందని అనుమానం ఉన్న ఎవరైనా ప్రత్యేక జువెనైల్ పోలీసు విభాగానికో స్థానిక పోలీసులకో తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇందులో సోషల్ వర్కర్‌కు మినహాయింపు లేదు.

ఇప్పుడు ఒక వసతి గృహాన్ని ఊహించుకోండి. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న పదహారేళ్ల అమ్మాయి మీ దగ్గరకు వచ్చి, "అక్కా, నీకొక్కదానికే చెప్తున్నా, మా అమ్మకు చెప్పొద్దు" అని మొదలుపెట్టింది. మీరు అలవాటు ప్రకారం "చెప్పను లేరా" అన్నారు. ఆమె తనకు పంతొమ్మిదేళ్ల అబ్బాయితో ప్రేమ ఉందని, తమ మధ్య శారీరక సంబంధం ఉందని, అతడు తనను ఏ విధంగానూ బలవంతం చేయలేదని చెప్పింది. ఆమె దృష్టిలో అది ప్రేమ. చట్టం దృష్టిలో ఆమె అంగీకారానికి విలువ లేదు. మీరు పోలీసులకు చెబితే ఆ అబ్బాయి జైలుకు వెళ్లవచ్చు, ఈ అమ్మాయి చదువు ఆగిపోవచ్చు, ఇంట్లోవారు పరువు పేరుతో ఆమెకు వెంటనే పెళ్లి చేసే ప్రయత్నం చేయవచ్చు. చెప్పకపోతే మీరు చట్టాన్ని ఉల్లంఘించినవారవుతారు. పైగా 'ప్రేమ' అని ఆమె అంటున్నదాని వెనుక బెదిరింపు, ఫోటోలు, వీడియోలు ఏమైనా ఉన్నాయేమో మీకు తెలియదు. ఏది చేసినా ఒక విలువ విరుగుతుంది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోసం వచ్చిన మైనర్ బాలిక, ఆమె సంరక్షకులు కోరితే వైద్యుడు పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర లేదని చెప్పింది. ఎంతో ఊరటనిచ్చిన మాట అది. అయితే అది వైద్యులకు, ఆ ఒక్క సందర్భానికి ఇచ్చిన వెసులుబాటు. వసతి గృహంలో కూర్చున్న మీకు అది వర్తిస్తుందని అనుకోకండి.

నా వాదన ఏమిటంటే, ఈ కేసులో నైతికంగా మన చేతిలో ఉన్న ఘడియ ఆమె చెప్పిన తరువాత రాదు, చెప్పకముందే వస్తుంది. "నీకొక్కదానికే చెప్తున్నా" అని ఆమె అనగానే మీరు నెమ్మదిగా ఇలా అనాలి: "నువ్వు చెప్పేది నేను శ్రద్ధగా వింటానమ్మా. చాలా సంగతులు మన మధ్యే ఉంటాయి. కాని పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని ఎవరైనా కొట్టడం, లైంగికంగా తాకడం, అలాంటి సంబంధం పెట్టుకోవడం లాంటివి నాకు తెలిస్తే, నీ ప్రాణానికి ప్రమాదం ఉందని తెలిస్తే, నేను ఒకరికి చెప్పి తీరాలి. అందులో కొంత చట్టం, కొంత నా వృత్తి బాధ్యత. చెప్పే ముందు నీకు చెప్తాను, చెప్పేటప్పుడు నీ పక్కనే ఉంటాను. ఇప్పుడు నీకు ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పు." నేను ఇందాక ప్రస్తావించిన అమెరికా నియమావళి కూడా గోప్యత హద్దులను క్లయింటుతో పరిచయం మొదలైనప్పుడే, వీలైనంత త్వరగా చర్చించాలని, ఆ తరువాత కూడా అవసరమైనప్పుడల్లా గుర్తు చేయాలని చెబుతుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది బలమైన అభ్యంతరమే. ఇలా ముందే హద్దు గీస్తే పిల్లలు నోరు విప్పరు, ఇంట్లో వేధింపులకు గురవుతున్న పిల్ల కూడా భయపడి మౌనంగా లేచి వెళ్లిపోతుంది అంటారు. కొందరు వెళ్లిపోతారు, నిజమే. కాని రహస్యం దాస్తానని మాట ఇచ్చి, మరునాడు పోలీసులను తీసుకువచ్చిన 'అక్క'ను చూసిన పిల్ల, ఆ తరువాత ఆ వసతి గృహంలో ఏ పెద్ద మనిషితోనూ మాట్లాడదు. ఆమె స్నేహితురాళ్లూ మాట్లాడరు. హద్దు తెలిసీ చెప్పుకున్న పిల్ల, సాయం అడగాలని తానే నిర్ణయించుకున్న పిల్ల అవుతుంది. ఆ తరువాత వచ్చే విచారణను తట్టుకోవడానికి ఆ తేడా చాలా అవసరం. మరొక వైపు జారిపోకుండా కూడా చూసుకోవాలి. ఫిర్యాదు చేసే తలనొప్పి మనకెందుకని, పిల్ల చెప్పబోతుంటే "వద్దు, చెప్పకు" అని ఆపేయడం ఈ హెచ్చరిక ఉద్దేశం కాదు. అలా చెవులు మూసుకునే సోషల్ వర్కర్ మాట తప్పినవాడి కంటే తక్కువ హాని చేయడు.

చెప్పవలసి వచ్చినప్పుడు మీ పని ఒక ఫోన్ కాల్‌తో అయిపోదు. పిల్ల వాంగ్మూలాన్ని ఆమె ఇంట్లోనో ఆమె కోరుకున్న చోటనో తీసుకోవాలని, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలని, ఆ సమయంలో అధికారి యూనిఫాంలో ఉండకూడదని, ఏ కారణంతోనూ పిల్లను రాత్రి పూట స్టేషన్‌లో ఉంచకూడదని 24వ సెక్షన్ చెబుతుంది. బాలికకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికి తెలియజేయాలి. ఇవన్నీ తెలిసి, స్టేషన్‌లో వినయంగా కాని గట్టిగా గుర్తు చేయగలిగితేనే "నీ పక్కనే ఉంటాను" అన్న మాటకు అర్థం ఉంటుంది.

ఇక్కడ ఈ 'అక్కా' అనే పిలుపు గురించి కొంచెం ఆగుతాను. పాశ్చాత్య పాఠ్యపుస్తకాలు క్లయింటుకూ వర్కర్‌కూ మధ్య వృత్తిపరమైన ఎడం ఉండాలంటాయి. మన ఊళ్లలో మిమ్మల్ని పేరు పెట్టి పిలవరు, అక్క, అన్న, మేడమ్, సార్ అంటారు, కూర్చోగానే మంచినీళ్లిస్తారు, అరగంటలో "మీరేమిట్లు?" అని కులం అడుగుతారు. మజ్జిగ తాగకుండా లేస్తే, ముఖ్యంగా దళితవాడలో, అది ఎడం కింద లెక్కకు రాదు, అంటరానితనం కిందే లెక్కకు వస్తుంది. తాగండి. కులం చెప్పడమా, మానడమా అన్నది మీ ఇష్టం. చెప్పి దగ్గరితనం సంపాదించుకోవడానికి మాత్రం వాడుకోకండి, ఎందుకంటే ఆ దగ్గరితనం పక్క వీధిలో మిమ్మల్ని దూరం చేస్తుంది. అక్క అన్న పిలుపునూ స్వీకరించండి. అయితే అక్కకు చెప్పిన రహస్యం అక్క దగ్గరే ఉండిపోతుందని పిలిచినవారు నమ్ముతారు. బంధుత్వపు పిలుపు పెరిగేకొద్దీ మీ హద్దులను స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత కూడా పెరుగుతుంది.

గోప్యత పోయేది ఎప్పుడూ నోటి ద్వారానే కాదు. సంస్థ పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉన్న జీపు ఒక ఇంటి ముందు పది నిమిషాలు ఆగితే చాలు, ఆ వీధికి సంగతి తెలిసిపోతుంది. జీపును ఊరి మొదట్లో ఆపి నడిచి వెళ్లడం కూడా నైతికతే. బాల్యవివాహం ఆపిన రోజున పెళ్లికూతురు పక్కన అధికారులు, సిబ్బంది నిలబడి ఫోటో దిగడం, దాన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం మామూలైపోయింది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా వివరాలు ప్రచురించడాన్ని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ నేరంగా పేర్కొంది. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి. ముఖం మీద మసక వేసి, ఊరి పేరు, తండ్రి పేరు, చదివే బడి పేరు రాస్తే మసకకు అర్థం లేదు. పై అధికారి "ఫోటో పంపు, రిపోర్టులో పెట్టాలి" అన్నప్పుడు కొత్తగా చేరిన ఉద్యోగి కాదనడం ఎంత కష్టమో నాకు తెలియక కాదు. అందుకే ఒంటరిగా ఎదిరించమని చెప్పను. చట్టం సెక్షన్‌ను ఉదహరిస్తూ, పిల్లలు లేని ఫోటో కాని, సంఖ్యలతో కూడిన నివేదిక కాని పంపుతానని రాతపూర్వకంగా ప్రతిపాదించండి. చాలామంది అధికారులు చట్టం తెలియక అడుగుతారు. కాగితం మీద చూసినప్పుడు వెనక్కి తగ్గుతారు. తగ్గనివారూ ఉంటారు, అప్పుడు మీ సూపర్‌వైజర్‌ను, మీ అధ్యాపకులను ఆ వ్యవహారంలోకి తీసుకురావాలి.

చివరగా మీ ఫీల్డ్‌వర్క్ జర్నల్ సంగతి. మీరు చూసిన ప్రతి కేసునూ పేరు, ఊరు, కులం, జబ్బు, కుటుంబ వివరాలతో సహా జర్నల్‌లో రాస్తారు. దాన్ని బైండు చేయించి సమర్పిస్తారు. వైవాలో బయటి ఎగ్జామినర్ చదువుతారు. మీ గదిలో స్నేహితులు తిరగేస్తారు. తరువాత అది విభాగం బీరువాలో ఏళ్ల తరబడి ఉంటుంది, తరువాతి బ్యాచ్ విద్యార్థులు నమూనా కోసం తీసుకుని చదువుతారు. మీతో మాట్లాడిన మనిషి ఇందులో దేనికి ఒప్పుకున్నారు? మొదటి రోజు నుంచే జర్నల్‌లో అసలు పేరు రాయకండి, ఒక గుర్తు అక్షరం వాడండి, ఊరి పేరుకు బదులు 'ఒక మండల కేంద్రం' అని రాయండి, పేర్లకూ గుర్తులకూ మధ్య జాబితా సంస్థ ఫైలులోనే ఉండనివ్వండి. మార్కులు వేసేవారికి కావలసింది మీ ఆలోచన, ఆమె ఇంటి పేరు కాదు. మూల్యాంకన పత్రంలో ఈ నియమాన్ని చేర్చవలసిందిగా విభాగాధిపతి గారిని సభాముఖంగా కోరుతున్నాను. బీరువాలో ఇప్పటికే ఉన్న పాత జర్నళ్లను ఏం చేయాలన్నది కూడా అధ్యాపకులు కూర్చుని తేల్చవలసిన విషయం. నమస్కారం. ఇక మీ ప్రశ్నలు వింటాను.